నీలకంఠుని పెట్టె

ఆసుపత్రి పరీక్షాశాలలో గాజుపలకలకు రంగులు వేసే పనివానికి తోటివారు పెట్టిన పేరు నీలకంఠుడు. పరమశివుడు లోకం కోసం గరళాన్ని తన కంఠాన నిలిపాడు. ఇతడు ఎదుటివారి గరళాన్ని గాజుపలకపై నిలిపి మురిసిపోయేవాడు.

మూత్రపిండం నుంచి తీసిన దారమంత ముక్కను పలుచని పొరలుగా కోసి, రంగుల్లో ముంచి, ఆమ్లంతో కడిగితే, కణాలు ఎర్రగా, మచ్చకట్టిన చోటు నీలంగా తేలుతుంది. నీలం ఎంత ఎక్కువైతే రోగికి అంత చేటు, నీలకంఠునికి అంత సంబరం. నూరు అరల చెక్కపెట్టెలో అరవై మేటి నీలాలు దాచి, కొత్తగా చేరినవారికి వంశపు నగల్లా ఒక్కొక్కటే తీసి చూపేవాడు. ఆ నీలాల సొంతదారులు ఏమయ్యారని అడిగితే, అది తన శాఖ కాదనేవాడు.

ఒకనాడు అక్క భర్తే రోగిగా వచ్చాడు. ముక్క తీయించుకొని మంచంపై వెల్లకిలా పడుకునే వెక్కిరించాడు: “ఏరా బావమరిదీ, నాది నీ పెట్టెలోకి ఎక్కుతుందా, సిఫారసు కావాలా?”

నీలకంఠునికి నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళలో తొలిసారి, రంగు పట్టకూడదని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవునిపై అంత భారం వేయడం ఇష్టంలేక, పలకను ఆమ్లంలో రెండింతల సేపు ఉంచాడు. నీలం వెలిసిపోయింది.

డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలో చూసి, ఎదురుగా కూర్చోమంది. గాయపడిన కణాలు సాయానికి కేకపెడతాయనీ, ఇరుగుపొరుగు కణాలు తమ వృత్తి మాని నారలు నేయడానికి దిగుతాయనీ, గాయం మానినా మగ్గం దిగక మూత్రపిండాన్నే బిగించేస్తాయనీ చెప్పింది.

“వాపైతే ఘాటు మందులిస్తాం. మచ్చైతే అవి దండగ, పైగా మనిషిని కుంగదీస్తాయి. మచ్చ లేదంటున్న ఈ పలకను నమ్మితే, రేపే మీ బావగారికి ఆ మందులు మొదలుపెట్టాలి. పెట్టమంటారా?”

నీలకంఠుడు తల వంచుకొని వెళ్ళి, మిగిలిన పొరకు మళ్ళీ రంగు వేశాడు. ఆ పాడు చేతికి నేర్పు తప్ప మరేమీ తెలియదు. కారుమబ్బులా నీలం కమ్ముకొచ్చింది. అంత చక్కని నీలం అతడెన్నడూ వేసి ఎరుగడు.

డాక్టరమ్మ చాలాసేపు చూసి, ఘాటు మందులు వద్దని రాసింది. “పిల్లలకు పాఠం చెప్పడానికి పనికొస్తుంది. మీ పెట్టెలో ఉంచండి” అంది.

“చోటు లేదమ్మా” అన్నాడు, నలభై అరలు ఖాళీగా ఉన్న పెట్టెను పాదంతో బల్ల కిందికి నెడుతూ.