గన్నవరానికి గాలిలో గంట

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్లిపోతాను. ఇప్పటికీ అంతే. అయినా ఇది రాస్తున్నానంటే, నాకు ఒక అన్యాయం జరిగింది కాబట్టే. దాన్ని అన్యాయమని ఎవరూ ఒప్పుకోరు.

డెబ్భైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. ఇస్నాపూర్‌లో కిరాయి గది. మా ఊరు గన్నవరం పక్కన. అమ్మ అక్కడ అన్నయ్య దగ్గర ఉండేది. "నా నోట్లో చివరి తీర్థం నువ్వే పొయ్యాలిరా సత్యం" అని వెళ్లినప్పుడల్లా గుర్తుచేసేది. పోస్తానని మాటిచ్చాను.

ఆ రోజుల్లో సెలవు దొరక్కపోతే మా ఫ్యాక్టరీవాళ్లు ఇంటి నుంచి 'తల్లికి సీరియస్' అని దొంగ టెలిగ్రాం ఇప్పించుకునేవారు. నేను ఎన్నడూ ఆ పని చేయలేదు. అయినా నాకు నిజం టెలిగ్రాం వస్తే, మా సూపర్‌వైజర్ సాయంత్రం దాన్ని సొరుగులో పడేసి, మర్నాడు పొద్దున మిషన్ దగ్గరికి తెచ్చిచ్చాడు.

"ఏంది సత్యం, మీ అమ్మ గూడ సీరియస్సేనా? ఈ నెలల ఎంతమంది అమ్మలు సీరియస్ అయిన్రో!" అని నవ్వాడు.

ఆ నవ్వు మరిచిపోలేదు. అందిన పూటే ఇచ్చి ఉంటే రాత్రి రైలెక్కి తెల్లారేసరికి అమ్మ దగ్గర ఉండేవాణ్ణి.

పక్క గదిలో ఉండే ఖాదర్ స్కూటర్ తీశాడు. "ఇగ రైలంటే రేపటికి పోతవన్నా. బేగంపేటల విమానమెక్కు, గంటల గన్నవరమట. సోచాయించకు, కూసో జల్దీ!"

టికెట్ ఎలా కొన్నానో ఇక్కడ అనవసరం. పటాన్‌చెరు నుంచి బేగంపేట రావడానికి పట్టినంత సేపే గాలిలో పడుతుందన్నారు. నూనె మరకల ఖాకీ చొక్కాతోనే ఎక్కాను. చెవులు దిబ్బడ వేయకుండా దూది ఇస్తే పెట్టుకున్నాను. కిటికీలోంచి కృష్ణ కనబడగానే "అమ్మా, వచ్చేశా" అనుకున్నాను. కునుకైనా తీయలేదు. దిగగానే దూది తీసి అక్కడే పారేశాను.

జట్కా దిగేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. నేను కూలబడి ఏడుస్తుంటే వదిన వింతగా చూసింది.

"ఇందాకే కదయ్యా తీర్థం పోశావు! మళ్లీ ఎటెళ్లొచ్చావు?"

"నేను ఇప్పుడే దిగానొదినా."

"ఊరుకో మరిదీ. ఈ ఖాకీ చొక్కాయే. చెవుల్లో ఆ దూదేంటయ్యా అనడిగితే పలకనైనా పలక్కపోతివి. నీ చెయ్యి వాసన చూసి, మిషన్ నూనె కంపురా అని అత్తయ్య నవ్వింది కూడాను."

అన్నయ్యా అదే చెప్పాడు. పక్కింటివాళ్లూ అదే చెప్పారు. వాళ్లు చెప్పిన వేళకు నేను ఇంకా విమానంలోనే ఉన్నాను. దూది సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

తిరిగొచ్చాక సూపర్‌వైజర్ మీద పైవాళ్లకు ఫిర్యాదు చేశాను. మా ఊరివాడే ఒకడు మా ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను తీర్థం పోసిన సంగతి అప్పటికే వాడు అందరికీ చెప్పేశాడు.

"అందుకున్నవ్ గద, తీర్థం బోసినవ్ గద! ఇంకేంది నీ లొల్లి?" అన్నాడు సూపర్‌వైజర్. ఫిర్యాదు కొట్టేశారు.

ఆ వచ్చింది ఎవరో ఎన్నేళ్లు ఆలోచించినా నాకు తేలలేదు. అమ్మ నవ్వుతూ పోయింది, ఇంకేం కావాలి అంటారు అందరూ. ఆ నవ్వు వాళ్లంతా చూశారు. నేను చూడలేదు.