సుధ కానివారు పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు నడవడం ఎలా

ఈ ప్రయాణానికి మూలకారణం ఒక ఇంటర్వ్యూ. విదేశాల్లో రాత్రిళ్ళు ఒంటరిగా తిరిగొచ్చినవాళ్ళు ఇది చదివి నవ్వుకోవచ్చు గానీ, మా అమ్మ లెక్కలో కొవ్వూరు వంతెన దాటితే అంతా విదేశమే. రాజమండ్రి నుంచి ఒక్కదాన్నే హైదరాబాదు వెళ్తానంటే ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, ఇక ఆపలేదు. బంగారం పెట్టుకోకు, రైల్లో ఎవరేం పెట్టినా తినకు, మంచి బ్యాగు పట్టుకెళ్తే దొంగల కన్ను పడుతుంది. ఈ చివరి సూత్రాన్ని అనుసరించి నా హ్యాండ్‌బ్యాగు బీరువాలోకి వెళ్ళింది. ఎవరిదో పెళ్ళిలో తాంబూలంతో ఇచ్చిన పసుపు రంగు గుడ్డసంచి నా భుజమెక్కింది. దాని మీద అరచేతంత అక్షరాలతో ‘శ్రీనివాస్ వెడ్స్ సుధ’ అని ఉంటుంది. ఆ దంపతులెవరో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఏదైనా తేడా వచ్చిందంటే ఇక గడప దాటనివ్వనని అమ్మ, రానివ్వనని నేను ఒప్పందం చేసుకున్నాక రైలెక్కాను.

రాత్రి రైలు పొద్దున్నే సికింద్రాబాద్‌లో దింపింది. స్టేషను బయటే మెట్రో ఉంది. బండి మారే పని లేకుండా నేరుగా అమీర్‌పేట చేరుకోవచ్చు. ఆటోవాళ్ళు సంచి లాక్కునేంత ప్రేమ చూపించినా లొంగకండి. నా డిగ్రీ స్నేహితురాలు సౌజన్య అక్కడే మైత్రీవనం వెనక సందులో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటూ ఏదో కోర్సు నేర్చుకుంటోంది. అతిథిగా ఒక రాత్రికి మూడొందలు, పొద్దున ఉప్మా ఉచితం. ఆ ఉప్మా ఎందుకు ఉచితమో తిన్నాక అర్థమైంది.

మధ్యాహ్నం పంజాగుట్టలో ఇంటర్వ్యూ అయింది. ‘కబురు చేస్తాం’ అన్నారు. ఆ మాటకు సంతాపంగా సాయంత్రం అక్కడే ఇద్దరు పాత క్లాస్‌మేట్లతో బిర్యానీకి కూర్చున్నాను. కబుర్లు, బిర్యానీ, మళ్ళీ కబుర్లు. వాళ్ళు బైకెక్కి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్ళిపోయారు. నేను మెట్రో మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి గేటు వేసేశారు. అప్పటికి పదకొండు దాటింది.

అమీర్‌పేట ఒక్క స్టేషను దూరం. ఆ రాత్రి అదే శాపమైంది.

“అన్నా, మైత్రీవనం వస్తారా?” అని ఆటో అతన్ని అడిగాను.

“గింత దూరానికి ఎవడొస్తడక్కా? మియాపూర్ పోతవా చెప్పు, ఎక్కు.”

“నాకు మియాపూర్‌లో ఎవరూ లేరండీ.”

“మరి నడువు. గదే సీదా రోడ్డు,” అని వెళ్ళిపోయాడు. యాప్‌లో ఒక బైకు దొరికినట్టే దొరికి రద్దయింది. ఫోనులో ఛార్జింగు ఎర్రగీతకు వచ్చింది. సౌజన్యకు ఫోన్ చేశాను.

“నడిస్తే ఇరవై నిమిషాలే. మెట్రో స్తంభాల మీద నంబర్లుంటాయి కదా, అవి చదువుతూ రా. లైన్లోనే ఉంటా,” అంది. ఈ ఊళ్ళో ఎవరికి ఎక్కడున్నామో చెప్పాలన్నా ఆ నంబరే చెబుతారు. నేను సంధ్యావందనం చేస్తున్నంత శ్రద్ధగా నాలుగు నంబర్లు చదివాను. ఐదోది చదువుతుండగా ఫోను కన్నుమూసింది.

ఇక్కణ్ణించి హాస్యం కాస్త తగ్గుతుంది. పగలు ఇసకేస్తే రాలని ఆ రోడ్డు మీద ఇప్పుడు నా చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తోంది. చీరల షోరూముల అద్దాల్లో బొమ్మలు పట్టుచీరలు కట్టుకుని నిర్భయంగా నిలబడి ఉన్నాయి. ఏటీఎం ముందు వాచ్‌మన్ కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్నాడు. లేపాలనిపించింది. లేపి ఏమని చెప్పాలి? ఒక బైకు నన్ను దాటాక నెమ్మదించింది. గుండె గొంతులోకి వచ్చింది. బైకు వెళ్ళిపోయింది, గుండె మాత్రం అక్కడే ఉంది. తాళంచెవులు వేళ్ళ మధ్య పట్టుకుని నడవమని ఎక్కడో చదివాను. నా దగ్గరున్నది సూట్‌కేసు తాళంచెవి, చిటికెనవేలి గోరంత. అదే పట్టుకున్నాను.

అప్పుడు వెనక అడుగులు వినిపించాయి. నేను వేగం పెంచితే అవీ పెరిగాయి. తగ్గిస్తే తగ్గాయి. స్తంభం చాటున తిరిగి చూశాను. ఒక మగమనిషి, చెవి దగ్గర ఫోను.

“ఆ... కనబడ్డది. పసుపు సంచి. ఒక్కతే ఉంది,” అంటున్నాడు. “ఫికర్ చెయ్యకు. తోల్కొస్తున్న.”

మా గోదావరి వైపు ఎడ్లను తోలతారు, బండి తోలతారు, దోమల్ని తోలతారు. మనిషిని తోలుకురావడం నేనెప్పుడూ వినలేదు. ఎవరి దగ్గరికి తోలుకెళ్తాడు? అవతల ఎంతమంది ఉన్నారు? అమ్మ మొహం కనిపించింది. తిట్టడం లేదు, అదే ఎక్కువ భయం వేసింది.

“సుధా!” అని అరిచాడు. “ఓ సుధమ్మా! జర ఆగు!”

నేను సుధను కాను. ఆ ముక్క చెప్పడానికి ఆగాలి, ఆగనుగాక ఆగను. ఎవరో సుధ కోసం వేసిన వలలో నేను పడ్డానన్నమాట అనుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను.

మైత్రీవనం దాపుల్లో ఒక దోసెల బండికి ఇంకా దీపం వెలుగుతోంది. పెనం కడుగుతున్న బండాయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. “అన్నా, ఎవడో... నన్ను తోలుకెళ్తాట్ట!”

ఆయన మారు ప్రశ్న వేయలేదు. అట్లకాడ చేతికి తీసుకుని రోడ్డు మీదికి వచ్చాడు. రొప్పుతూ వచ్చిన మనిషికి యాభై ఏళ్ళుంటాయి.

“ఏంది నీ లొల్లి? ఆడపిల్ల ఎంబడి ఎందుకు పడ్డవ్?”

“అరె భాయ్, నేనెందుకు పడ్త? నా పేరు ఖాజా. వీళ్ళ హాస్టల్ల నీళ్ళ క్యాన్లు ఏస్త,” అని ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. “సౌజన్యమ్మ ఫోన్ చేసింది. దోస్తు ఫోను బందయింది, పంజాగుట్టల ఉన్నవు గద, జర తోల్కరమ్మన్నది. బండి అవతల బాజుకి పెట్టి, డివైడర్ దునికి వచ్చిన. ఏం ఉరుకుడమ్మా అది!”

“మరి సుధమ్మా అని ఎందుకు పిలిచారు?” అన్నాను.

“పేరు చెప్పింది గనీ యాది మర్చిన. సంచి మీద గట్లనే ఉంది గదా!”

బండాయన నా సంచిని దీపం వైపు తిప్పి నిదానంగా చదివాడు. “ఓహో. మరి శ్రీనివాస్ ఏడి?”

నాకు నవ్వు రాలేదు. ఖాజా భాయ్ తన ఫోను బండి మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. అందులో సౌజన్య గొంతు. సగం ఏడుపు, సగం తిట్లు.

“నువ్వు సౌజన్యవేనని ఏంటి రుజువు?” అన్నాను.

“ఒసేయ్, ఫస్టియర్‌లో పనసపొట్టు కూర తిని వార్డెన్ గారి చెప్పుల్లో ఎవరు వాంతి చేసుకున్నారో చెప్పనా? స్పీకర్లో చెప్పనా?”

అది సౌజన్యే. తోల్కొచ్చుడంటే ఇక్కడ వెంటబెట్టుకుని రావడమేనని కూడా అదే చెప్పింది.

“మీరు ముందు నడవండి భాయ్, నేను వెనక వస్తాను,” అన్నాను. ఆయన సరేనని ముందు నడిచాడు. పది గజాల దూరంలో నేను, చేతిలో బండాయన అరువిచ్చిన అట్లకాడ.

సందు మలుపులో ఆయన తిరిగి చూశాడు. “ఇప్పుడు నాకు భయమైతున్నది బేటీ.”

“క్షమించండి భాయ్. మిమ్మల్ని అనవసరంగా...”

“మాఫీ ఎందుకు? ఉరికినవు, మంచిగ చేసినవ్. గా చెప్పులే మార్చు, ఇంకా జోరుగ ఉరుకొచ్చు.”

హాస్టల్ గేటు దగ్గర సౌజన్య నన్ను కొట్టి, తర్వాత పట్టుకుంది. మర్నాడు పొద్దున అట్లకాడ వాపసు ఇచ్చి రెండు దోసెలు తిన్నాను. అమ్మకు ప్రయాణం బ్రహ్మాండంగా జరిగిందని చెప్పాను. ఈ బ్లాగు ఆవిడ చదవదని నా ప్రగాఢ విశ్వాసం.

ఇంటికొచ్చాక చాలాసార్లు ఆలోచించాను. ఖాజా భాయ్ మంచివాడు కావడంలో నా తెలివేమీ లేదు. ఆ రోడ్డు మీద ఆ పది నిమిషాలు నాకు తెలిసిందల్లా వెనక ఒక మనిషి ఉన్నాడని, నాది కాని పేరుతో పిలుస్తున్నాడని. అంతే తెలిసినప్పుడు మళ్ళీ పరుగెత్తుతాను, దీపం వెలుగుతున్న చోటికే పరుగెత్తుతాను. నన్ను కాపాడటానికి వచ్చిన మనిషే నన్ను ఎక్కువ భయపెట్టాడంటే, లోపం ఆయనలో లేదు, నాలో లేదు. మా ఇద్దరి మధ్య ఉండాల్సిన ఒక్క మాట లేదు. అందుకే మీకొక సలహా: కొత్త ఊళ్ళో దిగగానే మీ మనిషితో ఒక గుర్తుమాట అనుకోండి. మిమ్మల్ని తోల్కరావడానికి ఎవరిని పంపినా, ముందు ఆ మాట అనమని చెప్పి పంపమనండి. ఎవరి నోటా పొరపాటున రాని మాటైతే మంచిది. మాది ‘పనసపొట్టు’. ఇక్కడ రాసేశాను కాబట్టి మార్చేశాం. కొత్తది చెప్పను, ‘సుధ’ మాత్రం కాదు.