ఆఖరి బస్సులో రాని కుర్రాడు

కార్తీక మాసం, సోమవారం సాయంత్రం. నరసన్నపేట బస్టాండు. ఉన్నవాళ్ళం: నేను, టీ కొట్టు ఆవిడ, పేరు చెప్పని ఒక పెద్దమనిషి.

ఆయన నేరం చేసిన పిల్లలను ఉంచే ప్రభుత్వ హోముకు సూపరింటెండెంటు. బస్సు వచ్చిన ప్రతిసారీ లేచి, దిగేవాళ్ళందరినీ చూసి, మళ్ళీ కూర్చుంటున్నారు. తన దగ్గరున్న కుర్రాడొకణ్ణి, వాడి తల్లి పదో రోజు కర్మకు, ఊరికి ఒంటరిగా పంపారట. సాయంత్రానికి వాడు తిరిగి రావాలి.

"పోలీసుని ఎంట పంపాల కదండీ?" అన్నాను.

"పంపితే ఊరంతా ఆ పోలీసునే సూస్తాది. ఆ తల్లి కోసం ఎవులేడుస్తారు?"

"ఆ కుర్రోడు రాపోతే?" అంది టీ ఆవిడ.

"నా ఉజ్జోగం పోతాది. నీ కొట్లో గ్లాసులు కడుక్కుంటానమ్మా."

ఆఖరి బస్సు వచ్చింది. కుర్రాడు దిగలేదు. ఆయన ఈసారి కూర్చోలేదు. అదే బస్సులో నేను ఇంటికి వెళ్ళాను గాని, నిద్ర పట్టలేదు.

మర్నాడు మొదటి బస్సుకే తిరిగి వచ్చాను. ఆయన బల్ల మీద ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నారు. పక్కనే, గుండు చేయించుకున్న కుర్రాడు ఆయన సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. "రేత్రి బస్సుకి రానేదేటిరా?" అని వాణ్ణి అడిగాను.

"బస్సు తప్పిపోనాది తాతా, నడిసొచ్చీసినాను," అన్నాడు. "మెల్లగా మాటాడు. సారుకి ఇప్పుడే నిద్దరట్టినాది."