బావిల చిరుత

తొగుట కర్ణాకర్ గల్ఫ్‌ల ఒక పెద్దమనిషి తోటల జంతువులకు మేత పెట్టే పని చేసిండు. ఆఫ్రికా నుంచి తెచ్చిన చీతాలు ఆయన పక్కకొచ్చి పెంపుడు కుక్కల లెక్క పండుకునేటివి. గాడనే ఇంకో బోనుల చిరుత ఉండేది. కొత్తల రెండూ ఒకటే అనుకొని చిరుత బోను గడియ తియ్యబోతే, సూడాన్ నుంచి వచ్చిన ముసలి పనాయన ఆయన చెయ్యి పట్టి వెనక్కి గుంజిండు. తేడా ఆయనే చూపిచ్చిండు. చీతాకు కండ్ల మూల నుంచి నోటి దాకా కన్నీళ్లు కారినట్టు నల్లటి చార ఉంటది, ఒంటి మీద విడివిడి చుక్కలు. చిరుతకు ఆ చార ఉండదు, మచ్చలు పువ్వుల తీరు ఉంటయి, మెడ మందం.

కర్ణాకర్ ఇంటికొచ్చినంక చీతాతోని దిగిన ఫోటో ఊర్ల అందరి ఫోన్లల్ల తిరిగింది.

మొన్న ఎండకాలం పొద్దుగాల, ఆయన భార్య దేవికకు తమ్ముడైన భూపతి చేను కాడి బావిల ఏదో జంతువు పడ్డది. జనం ఉరికొచ్చిన్రు. ఫోటోల ఉన్నది గిదేనని ఎవరో అన్నరు, అందరూ అదే మాట పట్టుకున్నరు. వల వేసి పైకి గుంజుతనని భూపతి నడుముకు తాడు కట్టుకున్నడు.

“నీ ఒళ్లె పండుకున్నది గిదే గద, బావా. ఏం చేస్తది?”

కర్ణాకర్ గట్టు మీద బోర్ల పడుకొని లోపలికి చూసిండు. జంతువు నీళ్ల పక్కన రాయి మీద ముడుచుకొని ఉన్నది. మొఖం అటు దిక్కు. ఒంటినిండ బురద, మచ్చలు తెలుస్తలేవు. ఏదని చెప్పాలె? ఈలోపు భూపతి గోడకు పొడుచుకొచ్చిన రాతి మెట్ల మీద సగం దిగిండు.

చప్పుడుకు అది తల ఎత్తి చూసింది. బురద అంటని మొఖం మీద చార లేదు.

“భూపతీ, అది చిరుత. పైకి రా.”

భూపతి నవ్వి ఇంకో మెట్టు దిగిండు. కర్ణాకర్ రెండు చేతులతోని తాడు పట్టి గుంజిండు, పక్కనున్నోళ్లు కూడ అందుకున్నరు. భూపతి వీపు రాళ్లకు గీసుకుపోతుంటే తిట్టిండు. ఆయన గట్టు ఎక్కుతుండంగనే చిరుత ఎగిరి, ఆయన నిలబడ్డ మెట్టు మీద పంజా కొట్టింది. భూపతి చేతుల నుంచి జారిన వల చీలికలైంది. చిరుత మళ్ల నీళ్లల్ల పడ్డది.

జనం వెనక్కి ఉరికిన్రు. ఫోన్ చేస్తే వచ్చిన అటవీశాఖోళ్లు అందర్నీ దూరం పంపి, బావిలకు పొడుగు నిచ్చెన దించిన్రు. చాలాసేపటికి చిరుత ఎక్కొచ్చి, మక్కచేనుల నుంచి గుట్ట దిక్కు పోయింది.

భూపతి నేల మీద కూలబడ్డడు. తమ్ముణ్ని తిట్టనీకి దేవిక జనంల నుంచి ఉరికొచ్చింది. పక్కన కూసోని, రక్తం అంటిన ఆయన వీపును కొంగుతోని మెల్లగ తుడిచింది.