మా మేనత్త హస్తవాసి

నిన్న పొద్దున్న మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయి ఆఫీసుకు తయారై మెట్లు దిగుతూ, "కడుపునొప్పి తగ్గిపోయిందాంటీ" అంది. అసలు నొప్పి వచ్చిందన్న సంగతే నాకు తెలియదు. నిలదీస్తే ఒక్కొక్కటే బయటపెట్టింది. ముందు రోజు మధ్యాహ్నం బొడ్డు చుట్టూ మొదలైందట, సాయంత్రానికి కుడి పక్కకి దిగిందట, రెండుసార్లు వాంతయిందట, అన్నం చూస్తేనే వెగటట. రాత్రి ఏదో నొప్పి మాత్ర మింగితే తెల్లారేసరికి హాయిగా ఉందట. నేను పొయ్యి కట్టేసి, చెప్పులు వేసుకుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను. విజయనగరం కోట దాటేవరకూ నవ్వుతూనే ఉంది. నొప్పి ఉంటే ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్తారు గానీ తగ్గాక పరుగెత్తేది మీరొక్కరేనాంటీ అని. నవ్వితే నవ్వింది. "తగ్గిపోయింది" అన్న మాట వింటే నా పై ప్రాణాలు పైనే పోతాయని ఆ పిల్లకేం తెలుసు?

మా మేనత్తది నౌపడ దగ్గర ఊరు. ఉప్పు మడుల మీంచి వచ్చే గాలికి ఆ ఇంట్లో గొళ్ళాలన్నీ తుప్పు పట్టి, ఒక్కో తలుపూ ఒక్కో రాగం తీసేది. ఆవిడ కడుపులు రుద్దడంలో పేరుమోసిన మనిషి. బరువెత్తినా, ఎగిరి దూకినా బొడ్డు తన చోటు నుంచి జరిగిపోతుందని, దాన్ని మళ్ళీ చోటుకి తెచ్చి కూర్చోబెట్టాలని మా వైపు గట్టి నమ్మకం. మూడు పొద్దులు, పరగడుపున, అరుగు మీద చాప వేసి, తూర్పుకి తల పెట్టి పడుకోబెట్టి, గోరువెచ్చని ఆముదం అరచేతికి రాసుకుని మొదలుపెట్టేది. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ పుచ్చుకునేది కాదు, పుచ్చుకుంటే హస్తవాసి పోతుందట. రుద్దించుకున్నవాళ్ళు పోయేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. అంటే నొప్పి కూడా వాళ్ళతోపాటు మళ్ళీ వస్తుందట. మామూలు కడుపునొప్పులు మూడో రోజుకి వాటంతట అవే పోతాయి కదా అని నేనొకసారి అన్నాను. ఆ పూట నాకు కూరలో ఉప్పు వెయ్యలేదు. ఉప్పు మడుల ఊళ్ళో అంతకు మించిన శిక్ష లేదు.

అయినా ఆ విద్య నాకు నేర్పాలని ఆవిడకి మహా ఆశ. ఆవిడకి ఆడపిల్లలు లేరు, నేను ఒక్కగానొక్క మేనకోడల్ని. బడికి సెలవులివ్వగానే నేను వెళ్ళేదాన్ని, పంతులమ్మ ఉద్యోగం వచ్చాక కూడా. ఎక్కడ మెత్తగా నొక్కాలో, ఎక్కడ వేళ్ళు తేల్చాలో చూపించేది. అన్నిటికన్నా ముందు నేర్పిన మాట ఒకటుంది. మెత్తన కడుపు మీదే చెయ్యి వెయ్యాలి, రాయైపోయిన కడుపు మనది కాదు. అలాంటివాళ్ళు వస్తే చాప కూడా వేసేది కాదు, టెక్కలి ఆసుపత్రికి తీసుకుపొమ్మనేది.

పన్నెండేళ్ళ కిందట, ఎండాకాలం సెలవుల్లో నేను వెళ్ళిన రెండో రోజు ఆవిడకే నొప్పి వచ్చింది. బొడ్డు దగ్గర మెలితిప్పుతోందని వాము నమిలి ఊరుకుంది. మర్నాటికి కుడివైపు కిందికి దిగింది. ఒళ్ళు కాస్త వెచ్చబడింది. అటూ ఇటూ తిరిగే మనిషి నడుం వంచుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ నడిచింది. తనకి ప్రాణమైన చద్దన్నం గిన్నె పక్కకి నెట్టేసింది. నాకు అప్పుడే తెలియాల్సింది. పక్కింటావిడ వచ్చి, ఇది ఇరవైనాలుగు గంటల నొప్పేమో చూపించుకోమంది. అపెండిసైటిస్‌ని మా వైపు అందరూ అలాగే అంటారు. మా మేనత్త వేళ్ళ మీద లెక్కపెట్టింది. నిన్న పొద్దున్న వచ్చింది, ఇవాళ పొద్దెక్కింది, ఇరవైనాలుగు గంటలూ దాటిపోయాయి, కాబట్టి అది కాదని తేల్చేసింది. లెక్కల పంతులమ్మని, నాక్కూడా ఆ లెక్క సరిగ్గానే ఉందనిపించింది.

మూడో పొద్దున చాప తనే వేసుకుంది. ఊరందరి కడుపులూ రుద్దిన చెయ్యి తన కడుపుకి పనికిరాదట, నన్ను రుద్దమంది. ఆముదం వెచ్చబెట్టి చెయ్యి వేశాను. కుడి పక్క చెక్కలా బిగుసుకుని ఉంది. నొక్కితే పళ్ళు బిగించింది, చెయ్యి తీస్తే అంతకు రెండింతలు ముడుచుకుపోయింది.

"గట్టిగా ఉందత్తా" అన్నాను.

"ముసిలి కడుపు ఎలగుంటాదే? రుద్దు. నాను సెప్తన్నాను కదా."

రుద్దాను. ఆవిడ మాటకి ఎదురు చెప్పలేక కొంత, చెప్పొద్దూ, ఆవిడంతటి మనిషి నన్ను రుద్దమందన్న గర్వంతో కొంత. ఆవిడ నేర్పిన మొదటి మాటని ఆవిడ కడుపు మీదే తప్పాను. కాసేపటికి పెద్దగా ఊపిరి వదిలి, కాళ్ళు బారజాపింది. ముఖం తేటపడింది.

"తగ్గిపోనాదే. నా అస్తవాసి నీకొచ్చీసినాది, సూడు."

నాకు ఏనుగెక్కినంత సంబరం. పక్కింటావిడ తన కూతురి కడుపు రేపు చూడమని అప్పుడే చెప్పి వెళ్ళింది. నేను వీధిలో రెండుసార్లు ఊరికే అటూ ఇటూ నడిచాను. మధ్యాహ్నం గంజి కలిపి తెచ్చేసరికి మా మేనత్త వణుకుతోంది. ఒళ్ళు కాలిపోతోంది, పెదాలు ఎండిపోయాయి, ఈసారి కడుపు ఒక పక్క కాదు, మొత్తం రాయి. గంజి గిన్నె ఎక్కడ పెట్టానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఎవరిదో కారు దొరికింది. టెక్కలిలో చూసి, తక్షణం శ్రీకాకుళం తీసుకుపొమ్మన్నారు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆవిడ నా మణికట్టు పట్టుకునేది. అరిచే మనిషి కాదు. ఆ వేళ్ళ గుర్తులు వారం రోజులున్నాయి.

శ్రీకాకుళంలో డాక్టరు కడుపు మీద చెయ్యి వేసి, వేళ్ళు వాసన చూసుకున్నాడు. ఆముదం. "ఈ కడుపు ఎవరు రుద్దారు?" అని నా వైపు తిరిగాడు. నా నోరు పెగల్లేదు. కళ్ళు మూసుకుని ఉన్న మా మేనత్త కళ్ళు తెరవకుండానే చెప్పింది.

"నానే రుద్దుకున్నాను బాబూ. ఎవుల్నీ సెయ్యెయ్యనిస్తానేటి?"

ఆయన ఆవిడని తిట్టిన తిట్లు నేను పక్కన నిలబడి విన్నాను. నేనే అని ఒక్క మాట అనలేకపోయాను.

ఆపరేషన్ అయ్యాక ఆయన నెమ్మదించి విడమరచి చెప్పాడు. పెద్దపేగు మొదట్లో వేలంత తోక ఒకటి ఉంటుందట. దాని నోరు మూసుకుపోతే లోపల వాచి చీము పడుతుంది. నొప్పి ముందు బొడ్డు దగ్గరే తెలిసి, వాపు పెరిగాక కుడివైపు కింద స్థిరపడుతుంది. ఆకలి చచ్చిపోతుంది, దగ్గినా కుదుపు తగిలినా పోటెత్తుతుంది. అందరికీ ఒకేలా రాదు, అందుకే స్కానింగూ రక్తపరీక్షా చూస్తారు. ఇరవైనాలుగు గంటలు దాటితే అది కాదనడం వట్టి మాట. ఇక బిగుసుకున్న తోక చిట్లితే నొప్పి ఒక్కసారి వదిలేసినట్టుంటుంది, ఆ హాయిలోనే చీము కడుపంతా పాకుతుంది. అంటే నేను వీధిలో గర్వంగా నడిచిన ఆ పూటంతా లోపల విషం పాకుతూ ఉంది. రుద్దడం వల్లే చిట్లిందా అని అడిగాను. అలా చెప్పలేం, రుద్దకపోయినా చిట్లేదేమో, రుద్దడం మాత్రం తప్పే, రెండు రోజుల ఆలస్యం అంతకన్నా తప్పు అన్నాడు. మొదటి రోజే వచ్చుంటే చిన్న రంధ్రాలతో పోయేది. ఇప్పుడు పొట్ట నిలువునా కోత, చీము దిగడానికి గొట్టం, పన్నెండు రోజుల సెలైన్లు, ఇంజక్షన్లు. మొదటి నాలుగు రోజులు బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేదు.

బతికింది. ఇంటికి పంపిన రోజు చేతులు జోడించి ఆ డాక్టరుకి దణ్ణం పెట్టింది గానీ "వెళ్ళొస్తాను" అనలేదు. వెనక్కి తిరగబోయిన నన్ను కూడా మోచేత్తో పొడిచి ముందుకు నడిపించింది. పాపం ఆయన ఏమనుకున్నాడో. ఆ తర్వాత ఆవిడ చాప మళ్ళీ పరిచింది, కానీ పద్ధతి మారింది. వచ్చినవాళ్ళ కడుపు ఒకసారి నొక్కి వదిలేది, ఆకలి ఉందా అని అడిగేది, అనుమానం వస్తే చీర పక్కకి తప్పించి తన కోత చూపించి టెక్కలి దారి పట్టించేది. అబద్ధం ఎందుకు చెప్పావని ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"పేరు సెడితే నా సేతిదే సెడాల. నీ సేతికింకా పేరే నేదు కదే" అని నవ్వి, నా అరచెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

రెండేళ్ళ కిందట ఒక పగటి నిద్రలో పోయింది. నాక్కూడా వెళ్ళొస్తానని చెప్పలేదు.

పై వాటా అమ్మాయికి నిన్ననే స్కానింగ్ తీశారు. బాగా వాచిందట గానీ చిట్లలేదు, నొప్పి తగ్గినట్టనిపించింది మాత్ర వల్ల. ఇవాళ పొద్దున్న మూడు చిన్న రంధ్రాలతో తీసేశారు, రేపో ఎల్లుండో ఇంటికి పంపుతారట. డాక్టరమ్మ బయటికొచ్చి, నొప్పి తగ్గినా తీసుకురావాలని మీకెవరు చెప్పారండీ అని అడిగింది. ఈసారి నా నోరు పెగిలింది. "మా మేనత్త" అన్నాను. కాలం గడిస్తే ఏ నొప్పయినా తగ్గుతుందంటారు. ఆ మూడో పొద్దు నొప్పి మాత్రం పన్నెండేళ్ళయినా నాలో తగ్గలేదు, తగ్గి ఉంటే నిన్న నేను పొయ్యి కట్టేసి ఉండేదాన్ని కాను.