యుద్ధం ఆపమని బెడోక్ నుంచి

2024లో నేను సింగపూర్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రిక ఫోరమ్ డెస్క్‌లో పనిచేస్తున్నాను. పాఠకుల ఉత్తరాలను ఎంచి, కత్తిరించి, అచ్చుకు సిద్ధం చేసే విభాగమది. ఒంగోలులో మా బంధువులు నన్ను పెద్ద విలేకరి అనుకుంటారు. నిజానికి లిఫ్టు చెడిపోయిందనీ, పై అంతస్తువాళ్ళు తడిబట్టలు పిండకుండా ఆరేస్తున్నారనీ జనం మొరపెట్టుకుంటుంటే వినడమే నా ఉద్యోగం. ఆ మొరల మధ్య, యుద్ధం ఆపమంటూ నగరంలోని బెడోక్ పేట నుంచి వారం వారం ఒక ఈమెయిల్ వచ్చేది. కింద సత్యవతి, రిటైర్డ్ నర్సు అని ఉండేది.

అప్పుడు నడుస్తున్న యుద్ధాల్లో అదొకటి. పేరు చెప్పను, ఆవిడ రాసింది ఏ యుద్ధానికైనా సరిపోతుంది, అదే బాధ. మాకే కాదు, విదేశాంగ మంత్రికి, తమ ఎంపీకి, కొట్టుకుంటున్న రెండు దేశాల రాయబారులకు, ఆ దేశాల పత్రికలకు కూడా రాసేది. ఇక్కడ అట్ట పట్టుకుని రోడ్డు మీద నిలబడాలన్నా అనుమతి కావాలి. ఆవిడకు ఉత్తరమొక్కటే దారి. రెండేళ్ళుగా మేము ఒక్కటీ వేయలేదు. అన్నీ చాంతాడంత ఉండేవి. పైగా యుద్ధం వద్దంటే కాదనేవాళ్ళెవరు? అందుకే అచ్చువేసేవాళ్ళూ లేరు.

ఆ ఏడు వచ్చిన ఒక ఉత్తరంలో, కరెంటు పోయిన పిల్లల వార్డు గురించిన నాలుగు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. వెరిఫికేషన్ కాల్ చేశాను. రాసిన మనిషి నిజంగా ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోనిదే మేము ఏ ఉత్తరమూ వేయం. నా పేరు వినగానే ఆవిడ తెలుగులోకి దిగింది. పెళ్ళై ఇక్కడికొచ్చి, పిల్లల ఆసుపత్రిలో చేసి రిటైరైనా, విజయనగరం యాస మాత్రం చెక్కుచెదరలేదు. అలా సత్యవతి ఆంటీ నాకు పరిచయమైంది.

ఆ ఫోన్లోనే ఒక సంగతి చెప్పి నవ్వించింది. ఇక్కడ ఎంపీలు వారానికో సాయంత్రం ఫ్లాట్ల కిందే కూర్చుని జనం కష్టాలు వింటారు. పార్కింగ్ జరిమానా, ఇంటి దరఖాస్తు అంటూ వచ్చినవాళ్ళ వరసలో ఆంటీ యుద్ధం పట్టుకుని నిలబడేది. ఒకసారి వివరాలు కంప్యూటర్లో ఎక్కించుకుంటున్న వాలంటీరుకు, ఫిర్యాదు ఏ రకమో చెప్పాల్సిన చోట యుద్ధం కనిపించలేదు. పాపం, ఆలోచించి 'పొరుగువారితో తగాదా' నొక్కింది. కొన్నాళ్ళకు ఏదో ఆఫీసు నుంచి ఫోన్ చేసి, గొడవ ఏ అంతస్తులో జరుగుతోందని అడిగారట.

"తప్పేటుంది తల్లీ, పొరుగోళ్ళ తగువే కదా," అంది ఆంటీ. "అంతస్తే చెప్పలేకపోనాను."

ఇంకొకరైతే చిన్నబుచ్చుకుని ఇంట్లో కూర్చునేవారు. ఆవిడ మరుసటి వారం మళ్ళీ వెళ్ళి వరసలో నిలబడింది. నాకు ఆ మనిషి మీద గౌరవం అక్కడే మొదలైంది.

ఉత్తరం మా ఎడిటర్ విన్సెంట్ ముందు పెడితే, ఈవిడకు ఆ యుద్ధంతో ఏమిటి సంబంధమన్నాడు. మా వృత్తిలో దీన్ని హ్యూమన్ యాంగిల్ అంటాం. రాసినవాళ్ళ సొంత బాధ కాస్త ఉంటే పాఠకుడు ఆగి చదువుతాడని మా నమ్మకం. అందుకే దూరదేశాల కష్టాల గురించి ఎవరు రాసినా, మీవాళ్ళెవరైనా అక్కడున్నారా అని అడగడం మా డెస్క్ అలవాటు. ఆంటీనీ అడిగాను. ఎవరూ లేరంది. మాటల్లో మాటగా, మనవడు నిఖిల్ వచ్చే నెల నేషనల్ సర్వీస్‌కి, అంటే ఇక్కడ కుర్రాళ్ళంతా చేయాల్సిన సైనిక శిక్షణకు వెళ్తున్నాడని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. విన్సెంట్‌కు చెబితే, మనవడిని మొదటి పేరాలో పెడితే పేజీకి తలమానికంగా వేద్దామన్నాడు. లేకపోతే కష్టమన్నాడు.

శుభవార్త స్వయంగా చెబుదామని బెడోక్‌లోని హాకర్ సెంటర్‌కు, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే ప్రాంగణానికి వెళ్ళాను. ఆంటీ అప్పటికే టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే ఇక్కడి పద్ధతిలో మాకోసం ఆపి ఉంచింది. నా మాట విని ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆవిడ కాఫీలో చెంచా తిప్పుతూ కూర్చుంది. నిఖిల్ ఒప్పుకోడా అని అడిగాను. 'రాసుకో అమ్మమ్మా, ఓకే లా' అని ఇక్కడి కుర్రాళ్ళ యాసలో అన్నాడట. మరి ఇంకేమిటి అడ్డం?

"ఆడి పేరెడితే చదివినోళ్ళందరూ మావోడి గురించే అయ్యో అనుకుంతారు. ఆడికేటైంది? సెలవిచ్చినప్పుడు ఇంటికొస్తాడు, నా చేతి కూర తింతాడు. అయ్యో అనాల్సింది ఆ పిల్లల గురించి తల్లీ. మనవడి కోసం రాస్తే అది అర్జీ అవుతాది. అర్జీకైతే మా ఎంపీ ఉన్నాడు కదా, పేపరెందుకు?"

రెండేళ్ళు తపించి, తీరా అందినప్పుడు ఈ మొండితనమేమిటని నాకు విసుగొచ్చింది. అయితే ఇది అచ్చవదు ఆంటీ, అని చెప్పేశాను. ఆవిడ ముఖం వాడిపోయింది. ఒక్కసారైనా అచ్చులో చూడాలని ఆవిడకెంత ఆశో నాకు తెలుసు. అయినా, ఇది రాకపోతే ఇంకోటి రాస్తానంది.

విన్సెంట్ ఉత్తరాన్ని హోల్డ్‌లో, అంటే పక్కన పెట్టాడు. మా భాషలో హోల్డ్ అంటే ఇంచుమించు చెత్తబుట్టే. ఆ వారంలోనే ఆంటీ దగ్గర్నుంచి కొత్త ఉత్తరం వచ్చింది. పాతదానిలో పావు వంతు లేదు. మొదటి వాక్యం ఇది: 'ఈ యుద్ధంలో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.' ఆ తర్వాత, కరెంటు పోయిన పిల్లల వార్డులో ఒక నర్సు ఏం చేయగలదో, ఏం చేయలేదో రాసింది. కాల్పులు ఆపమని సింగపూర్ ప్రభుత్వం గట్టిగా అడగాలని కోరింది. అంతే.

విన్సెంట్ నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని మళ్ళీ చదివాడు. ఒక్క మాట కూడా ట్రిమ్ చేయొద్దన్నాడు. కత్తిరించడమే వృత్తిగా బతికే మాకు అంతకు మించిన మెప్పు లేదు. సోమవారం ఉత్తరం అచ్చయింది.

యుద్ధం ఆగలేదు. ఒక ఉత్తరంతో ఆగుతుందని ఆంటీ కూడా అనుకోలేదు. కానీ మరునాడు సింగపూర్‌లోనే మరో పేట పాసిర్ రిస్ నుంచి ఒకామె మా డెస్క్‌కు ఫోన్ చేసింది. ఆ యుద్ధంలో బాంబులు పడుతున్నది ఆమె పుట్టిన ఊరి మీదే. ఆ ఉత్తరం రాసినావిడకు అక్కడ నిజంగానే ఎవరూ లేరా అని అడిగింది. లేరన్నాను.

"ఇన్నాళ్ళూ మా ఊరి పిల్లల కోసం మేమే ఏడుస్తున్నామనుకున్నాను," అంది.

వెంటనే ఆంటీకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. ఆవిడ తన ఉత్తరం ఊసే ఎత్తలేదు. ఆమె పిల్లలు ఇక్కడున్నారా, అక్కడా అని అడిగింది. ఇక్కడే ఉన్నారట ఆంటీ అంటే, ఊపిరి పీల్చుకుంది.

మా డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్ళు ఇప్పటికీ ఉత్తరాలు రాసినవాళ్ళకు ఫోన్ చేసి, మీవాళ్ళెవరైనా అక్కడున్నారా అని అడుగుతుంటారు. నేను మానేశాను. ఎవరూ లేకపోయినా రాశారని తెలిస్తే, ఆ ఉత్తరమే ముందు విన్సెంట్‌కు ఇస్తాను.