రుక్మిణమ్మ ఏడవని చావు

శంషాబాదు చుట్టుపక్కల ఎవరు పోయినా రుక్మిణమ్మకు కబురు వచ్చేది. ఊరికే కళ్లు తుడుచుకునే ఏడుపు కాదు ఆమెది. శవం తల వైపు కూర్చుని, పోయినామె నాటిన మడి మొదలు సాకిన బర్రె దాకా మాటలల్లి శోకం పెట్టేది. నెత్తి మీదుగా విమానం పోయినా ఆ మాట తెగేది కాదు. ఈ కాలపు కోడళ్లకు అది చేతకాదు. ముక్కు చీది ఫోను చూసుకుంటారు.

సాతంరాయిలో ఉండే చెల్లెలు అంతమ్మకు కడుపులో గడ్డ పెరిగింది. దవాఖానలో ఇక లాభం లేదని ఇంటికి పంపారు. ఒకనాడు అక్క చెయ్యి పట్టుకుని, "అక్కా, నా మీద నువ్వే ఏడ్వాలె. వేరేటోళ్లు ఏడిస్తే నాకు అందది" అన్నది.

"ముందు నోరు మూసుకొని జావ తాగు" అన్నది రుక్మిణమ్మ. ఒప్పుకున్నట్టే లెక్క.

సరిగ్గా అప్పుడే రుక్మిణమ్మకు కింది దవడ పన్ను దగ్గర వాచింది. నోరు తెరుచుకోకపోతే అంతమ్మకు ఇచ్చిన మాట ఏమవుతుందని భయపడి, చెల్లెలి కూతురు సంతోషిని వెంటబెట్టుకుని పళ్ల డాక్టరు అర్ఫా దగ్గరికి పోయింది. అర్ఫా పన్ను పీకి, గుంట మీద దూది పెట్టి కరిచి పట్టమన్నది.

"ఇయ్యాల పుక్కిలించకు అమ్మా. ఉమ్మకు, ఉమ్మి మింగు. వేడివి తాగకు. పొగాకు జోలికి పోకు. రేపటి సంది ఉప్పు నీళ్లు మెల్లగ నోట్ల తిప్పి వొదులు."

"నా మనుమరాలంత లేవు, నాకు నోరు కడుక్కునుడు నేర్పుతున్నవా?"

ఇంటికొచ్చి సాయంత్రం అద్దంలో చూసుకుంటే గుంటలో బెల్లం పాకంలాగా నల్లటి ముద్ద కనబడింది. చెడు నెత్తురు అనుకున్నది. ముల్లు దిగితే నల్ల నెత్తురు పిండేదాకా ఆమె తల్లి వదిలేది కాదు. అందుకే వేడి వేడి నీళ్లలో ఉప్పేసి గట్టిగా పుక్కిలించింది, పదిసార్లు ఉమ్మింది, మిగిలినదాన్ని కొంగు చివరతో తుడిచి తీసేసింది. గుంట శుభ్రమైందని హాయిగా పడుకుంది.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడోనాడు పొద్దున దవడ నుంచి చెవిలోకి, చెవి నుంచి కణతలోకి నొప్పి పొడవడం మొదలైంది. నోరంతా పాడు వాసన. ఆ పొద్దునే సంతోషి ఫోను చేసింది.

"పెద్దమ్మా, అమ్మ పోయింది."

రుక్మిణమ్మ వెళ్లి చెల్లెలి తల దగ్గర కూర్చుంది. ఆడవాళ్లు జరిగి చోటిచ్చి, ఆమె శోకం ఎత్తుకునేదాకా తమ ఏడుపు ఆపుకున్నారు. "అంతమ్మా" అని నోరు తెరిచింది. గాలి గుంటకు తగిలి నొప్పి చెవిలోకి లాగింది. మళ్లీ తెరిచింది. మూలుగే వచ్చింది.

"సొంత చెల్లెకు మాటలు దొరుకుతలేవా అక్కా?" అన్నది వెనక నుంచి ఎవరో.

జవాబు చెప్పడానికి కూడా నోరు లేవలేదు. కళ్లు మాత్రం కారుతున్నాయి. అందులో పన్ను కోసం ఎన్నో, చెల్లెలి కోసం ఎన్నో ఆమెకే తెలియలేదు. పాడె లేచింది.

మర్నాడు అర్ఫా గుంట చూసి, "ఈడ గడ్డకట్టిన నెత్తురుండాలె, ఏమైందమ్మా?" అని అడిగింది.

"తీసేసిన. చెడు నెత్తురు గద."

"కాదమ్మా. కింద ఎముకకు అదే కప్పు, కొత్త కండ దాని మీదనే వస్తది. అది పోతే ఎముకకు గాలి, నీళ్లు, బువ్వ అన్నీ తగుల్తయ్. గందుకే ఇంత నొప్పి."

"చెయ్యొద్దన్నవు గని ఎందుకొద్దో చెప్పలె. చెప్తే తెలుసుకోనా, నేనేమన్న పసిపిల్లనా?"

అర్ఫా మందు డబ్బా తెరుస్తూ, "చెప్పాల్సింది" అన్నది. మెల్లగా గుంట కడిగి, లవంగాల వాసన వేసే మందు పెట్టింది. రుక్మిణమ్మ మెట్లు దిగేసరికి నొప్పి సగానికి పడింది.

"పదకొండో దినంనాడు ఏడుద్దువుగాని, ఊకో పెద్దమ్మా" అన్నది వెంట వచ్చిన సంతోషి.

"గప్పుడు మీ అమ్మ యాడుంటది? వంట గిన్నెల ముంగట ఏడ్వాల్నా?"

అంతమ్మ కోసం దాచుకున్న మాటలన్నీ అప్పుడు గొంతులోకి వచ్చాయి. బజారు నడిమధ్యన వాటిని ఎవరికి చెప్పాలి? మింగుకున్నది.

వారం తిరగకముందే గగన్‌పహాడ్ నుంచి ఒక పిల్లవాడు చావు కబురు తెచ్చాడు. రుక్మిణమ్మ గుమ్మం దిగలేదు.

"నా చెల్లెకు లెవ్వని నోరు పరాయోళ్లకు లేస్తదా? పో బిడ్డా, రానని చెప్పు."